అటకకు గాలి ఆడితే గది చల్లన

కోనసీమలో కురిడీ పట్టే రైతుకు అటక సంగతి ఒకరు చెప్పనక్కర లేదు. ముదురు కాయలను అటక మీద ఎనిమిది నెలల నుంచి ఏడాది దాకా నిల్వ ఉంచుతాడు. లోపలి నీరు ఇంకి, కొబ్బరి చిప్పను వదిలి గుండులా ఊడిరావాలంటే కాయల చుట్టూ గాలి ఆడాలి. అందుకే చెక్కలను సందులు వదిలి పరుస్తారు. అదే రైతు తాను పడుకునే గది పైనున్న అటకకు మాత్రం ఎలుకలు వస్తాయని ఉన్న కంతలన్నీ మూసేస్తున్నాడు.

మే నెలలో పెంకు కాలి, ఆ వేడి అటకలో చేరుతుంది. పైకి పోయే దారి లేక కొప్పు కింద నిలిచిపోతుంది. రాత్రి పదింటికి బయట పైరగాలి వీస్తున్నా గదిలో ఉక్క పోయదా మరి! ఫ్యాను వేస్తే ఆ వేడే కిందికి దిగుతుంది. 2015 మే ఎండలకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోగా, వారిలో ఎక్కువ మంది మన రాష్ట్రం, తెలంగాణ వారే. పగలంతా చెట్టు నీడన గడిపిన ముసలివారికి కూడా రాత్రి ఒళ్లు చల్లబడకపోతే వడదెబ్బ ముప్పు పెరుగుతుంది.

గాలి రావడానికి ఒక దారి, పోవడానికి ఒక దారి కావాలి. రెండూ ఒకే ఎత్తున ఉంటే ప్రయోజనం తక్కువ. చూరు దగ్గర కొన్ని, కొప్పు దగ్గరి ముక్కోణపు గోడల్లో ఎదురెదురుగా కొన్ని కంతలు పెట్టించాలి. బంగళా పెంకుల్లో గాలి కోసం గూడు లేచిన పెంకులు కూడా ఉంటాయి. అమెరికా ఇళ్ల నిబంధనల్లో 150 చదరపు అడుగుల అటకకు ఒక చదరపు అడుగు గాలిదారి ఉండాలన్నది మామూలు లెక్క. ఎలుకలకు ఇనుప జాలీ చాలు. జాలీ కొంత గాలిని ఆపుతుంది గనుక కంత కాస్త పెద్దదిగా ఉండాలి.

వడగాలి లోపలికి వస్తుందని కొందరి భయం. పగలు పడమటి కిటికీలు మూయడం సబబే. అటక సంగతి వేరు. పెంకు కింద మగ్గిన గాలి వడగాలి కన్నా వేడిగా ఉంటుంది.

తుపాను మాట మరవరాదు. 1996 నవంబరు 6 నాటి తుపాను చూసినవారికి కప్పులు లేచిపోవడం తెలుసు. లోపల చొరబడిన గాలి కప్పును కింద నుంచి ఎత్తుతుంది. అందుచేత గోడ కంతలకు చెక్క తలుపు, గడియ తప్పనిసరి. తుపాను కబురు రాగానే మూసి బిగించాలి.

కంతలతోనే అంతా తీరదు. కాలిన పెంకు వేడిని సూటిగా కిందికి కూడా విసురుతుంది. వేసవికి ముందు పెంకుపై సున్నం కొట్టించి, అటక చెక్కల మీద చాపలు పరిస్తే ఆ వేడి తగ్గుతుంది. పెంకు సర్దించేటప్పుడే కంతల పనీ చేయిస్తే కూలి కలిసివస్తుంది.