మీకు తెలుసా? క్రూజ్ కంట్రోల్ పరీక్షకు కారు కదలక్కర్లేదు

హైవే ఎక్కి క్రూజ్ ఆన్ చేస్తే లైటు వెలుగుతుంది, సెట్ నొక్కితే మాత్రం వేగం నిలవదు. ఇలాంటప్పుడు అందరి అనుమానమూ ముందు స్టీరింగ్ మీది బటన్లపైకే పోతుంది. వాటిని విప్పించకండి. కారు నిలిపి ఉంచే, ఒక్క స్క్రూ తియ్యకుండా, తప్పెక్కడుందో స్కానర్‌తో చాలావరకు తేల్చుకోవచ్చు.

1950లో క్రూజ్ కంట్రోల్‌కు పేటెంట్ పొందిన అమెరికా ఇంజినీరు రాల్ఫ్ టీటర్‌కు అయిదేళ్ల వయసులోనే చూపు పోయింది. ఆయన తయారుచేసింది విడి యంత్రం. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న ఇప్పటి కార్లలో ఆ పని ఎక్కువగా ఇంజిన్ కంప్యూటరే చూసుకుంటుంది. అందుకే దాన్నే అడగవచ్చు.

డ్రైవర్ వైపు డ్యాష్‌బోర్డు అడుగున 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి స్కానర్ తగిలించి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ముందు ఫాల్ట్ కోడ్‌లు చూడాలి. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే చాలా కార్లు క్రూజ్‌ను అసలు ఒప్పుకోవు. అప్పుడు ముందు సరిచేయాల్సింది ఆ కోడ్ చూపే లోపాన్ని. ఆ తర్వాత లైవ్ డేటా, అంటే స్విచ్‌లు ఆ క్షణంలో కంప్యూటర్‌కు చెబుతున్నది. ఫోనుకు కలిపే చవక పరికరాల్లో చాలావాటికి క్రూజ్ వివరాలు అందవు. మీ కారు కంపెనీ డేటా చదవగల స్కానరే కావాలి.

లైవ్ డేటాలో అన్నిటికన్నా ముందు బ్రేక్ స్విచ్ చూడమంటాను. పెడల్ దగ్గరుండే ఈ చిన్న భాగంలో చాలా కార్లకు రెండు కాంటాక్టులుంటాయి. కాలు తీసేసినప్పుడు ఒకటి కలిసి, ఒకటి విడిపోయి ఉంటుంది, తొక్కితే తారుమారు. రెండింటి మాట పొసగకపోతే కంప్యూటర్ క్రూజ్ ఇవ్వదు. పెడల్ మీద కాలు లేకపోయినా తెరపై 'బ్రేక్ ఆన్' అని ఉందంటే దొంగ దొరికినట్టే. బ్రేక్ లైట్లు వెలగాలన్నా ఈ స్విచ్చే ఆధారం. కాబట్టి క్రూజ్ వాడనివాళ్లు కూడా దీన్ని దయచేసి వాయిదా వెయ్యొద్దు. మాన్యువల్ గేర్ల కారైతే క్లచ్ స్విచ్‌నూ ఇలాగే చూడాలి.

ఇక బటన్లు. చాలా కార్లలో సెట్, రిజ్యూమ్, క్యాన్సిల్ మూడూ ఒకే తీగ మీద పనిచేస్తాయి. ఏది నొక్కారో వోల్టేజీ తేడాను బట్టి కంప్యూటర్ గుర్తుపడుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి, సెట్ నొక్కి పట్టుకుని, స్టీరింగ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. మధ్యలో తెరపై 'సెట్' పోయి మళ్లీ వస్తుంటే అనుమానించాల్సింది బటన్‌ను కాదు, స్టీరింగ్ వెనక చుట్టలా ఉండే క్లాక్ స్ప్రింగ్‌ను. ఎయిర్‌బ్యాగ్ కనెక్షన్ కూడా దానిగుండానే పోతుంది. కాబట్టి ఆ పని తెలిసిన మెకానిక్ చేతికే ఇవ్వాలి.

కొన్ని కార్లు క్రూజ్ ఎందుకు వదిలేశాయో కూడా గుర్తుంచుకుంటాయి, స్కానర్‌లో ఆ కారణం కనిపిస్తుంది. రోడ్డు మీద చూడాల్సి వస్తే మాత్రం తెర చూసే పని పక్క సీటులోనివాళ్లదే.