మానైనా వంగుతుంది!

గృహప్రవేశం ఘనంగా జరిగింది. సత్యనారాయణస్వామి వ్రతం ఐదు కథలూ పూర్తయ్యాయి. 'ఇక లేవండి' అన్నారు పురోహితుడు. చిక్కంతా అక్కడే వచ్చింది! పీటల మీద కూర్చున్న దంపతుల్లో ఆయనకు యాభై రెండు, ఆవిడకు నలభై ఏడు. ఆయన ఓ చెయ్యి నేలకు ఆన్చి, ఇంకో చెయ్యి బావమరిదికి అందించి 'అబ్బా' అంటూ లేచారు. ఆవిడకు రెండు కాళ్లూ తిమ్మిరెక్కిపోయాయి. 'ఏవండీ, కాస్త పట్టుకోండి' అంటే పట్టుకోవాల్సిన ఆయనే ఊగుతున్నారు. ఈ హడావుడిలో, వెనకాల గోడ వారగా చాప మీద కూర్చున్న డెబ్భై అయిదేళ్ల అత్తగారు మాత్రం ఎవరి సాయమూ లేకుండా లేచి, ప్రసాదం పంచడానికి వెళ్లిపోయారు.

ఇది ఫలానా వారిల్లని చెప్పక్కర్లేదు. ఈమధ్య ఏ శుభకార్యానికి వెళ్లినా కనిపించే దృశ్యమే. పీటల పక్కన కుర్చీలు వేయించుకునేవారూ ఉన్నారు. 'వయసైపోతోంది కదా' అని ఒకరంటే, 'ఒళ్లొచ్చేసింది కదా' అని ఇంకొకరు సర్దిచెబుతారు. రెండూ నిజమే. కానీ రెండూ సగం నిజాలే.

కుర్చీ తెచ్చిన తంటా

ఆ అత్తగారి తరం యోగా క్లాసుకు వెళ్లిన పాపాన పోలేదు. అయినా రోజుకు ఎన్నిసార్లు వంగి లేచేవారో లెక్కలేదు. నేలమీద బాసింపట్టు వేసుకుని భోజనం, కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరగడం, రుబ్బురోలు ముందు పిండి రుబ్బడం, గొంతుక్కూర్చుని అంట్లు తోమడం, నడుము వంచి ముగ్గు పెట్టడం... పేర్లు లేవుగానీ అన్నీ ఆసనాలే. అలాగని పాతకాలమంతా బంగారమేమీ కాదు. ఆ చాకిరీతో నడుములు పడిపోయినవారూ ఉన్నారు. గ్యాస్ గట్టూ, గ్రైండరూ, డైనింగు టేబులూ వచ్చి కష్టం తగ్గించాయి. మంచిదే. దాంతోపాటు నేల మీద కూర్చుని లేచే అలవాటూ పోయింది. ఆఫీసులో కుర్చీ, కారులో సీటు, ఇంట్లో సోఫా, చివరకు బాత్‌రూములోనూ కుర్చీయే. తుంటి, మోకాలు, చీలమండ పూర్తిగా ముడుచుకునే పనే రోజంతటిలో ఒక్కటీ లేకపోతే అవి ముడుచుకోవడం మానేస్తాయి.

పైగా ముప్ఫై ఏళ్లు దాటాక కండ తరుగుదల మొదలవుతుంది. పట్టించుకోకపోతే పదేళ్లకు 3 నుంచి 8 శాతం వరకూ కండ కరిగిపోతుందని వైద్యుల లెక్క. కండ తగ్గితే ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి కూడా తగ్గుతుంది. తిండి మాత్రం పాత కొలతే. మిగిలింది నడుం చుట్టూ చేరుతుంది. ఆడవాళ్లలో నెలసరి నిలిచే దశలో ఈస్ట్రోజెన్ తగ్గడంతో కొవ్వు పొట్ట దగ్గరకు మళ్లుతుంది. ఎముకలూ బలం కోల్పోతాయి. 'నేనేం తింటున్నానని ఇంత లావయ్యాను' అని వాపోయే ఇల్లాలి మాటలో అబద్ధం లేదు.

పదికి ఎన్ని మార్కులు?

నేలమీద కూర్చుని లేవడం చిన్న విషయమనుకుంటే పొరపాటే. బ్రెజిల్ వైద్యుడు క్లాడియో గిల్ అరౌజో, ఆయన సహచరులూ దాన్నే ఓ పరీక్షగా మార్చారు. కూర్చోవడానికి 5 మార్కులు, లేవడానికి 5. చెయ్యో, మోకాలో ఆనిస్తే ఆనించినప్పుడల్లా ఒక మార్కు పోతుంది. తూలితే అర మార్కు కోత. 51 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 2,002 మందికి ఈ పరీక్ష పెట్టి, తర్వాత కొన్నేళ్లపాటు గమనించారు. 2012లో ఫలితాలు వెల్లడించారు. 8 అంతకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవారితో పోలిస్తే 3 లోపు వచ్చినవారిలో మరణాల ముప్పు అయిదారు రెట్లు ఎక్కువగా కనిపించింది!

మార్కులు తక్కువొస్తే ఆయుష్షు తగ్గిపోతుందని కాదు దీనర్థం. కండబలం, కీళ్ల కదలిక, శరీరపు తూకం, బరువు... ఈ నాలుగూ ఎలా ఉన్నాయో ఆ ఒక్క పని చెప్పేస్తుంది. పీటల మీంచి లేవలేకపోవడం పరువుకు సంబంధించిన సంగతి మాత్రమే కాదన్నమాట. మోకాళ్ల నొప్పులున్నవారు, పడిపోతామన్న భయమున్నవారు మాత్రం ఈ పరీక్షను సరదాకైనా ఒంటరిగా చేయకూడదు.

అసలెందుకు వంగదు?

'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న సామెత మనకు కొట్టినపిండి. చెట్టు సంగతేమోగానీ ఒంటి విషయంలో అది పూర్తిగా నిజం కాదు. వయసుతోపాటు కండరాల చుట్టూ, కీళ్ల దగ్గరా ఉండే పొరలు కాస్త బిగుసుకునే మాట వాస్తవమే. అయితే వంగనివ్వకుండా ఆపేది ఆ బిగుతు ఒక్కటే కాదు, నాడీ వ్యవస్థ కూడా. కండరాన్ని ఒక్కసారిగా లాగితే, తెగిపోతుందేమోనని అది వెంటనే బిగుసుకుంటుంది. అందుకే ఊగుతూ, ఊపుతూ బొటనవేలు అందుకోవాలని చూస్తే నొప్పి తప్ప ఫలితం ఉండదు. మెల్లగా వంగి, కాస్త లాగుతోందన్న చోట ఆగి, తీరిగ్గా ఊపిరి వదులుతూ అరనిమిషం ఉంటే ఆ కాపలా సడలుతుంది. రోజూ చేస్తుంటే 'ఇక్కడిదాకా వంగినా ప్రమాదం లేదు' అని ఒంటికి నమ్మకం కుదురుతుంది. మొదటి వారాల్లో కనిపించే మార్పులో ఎక్కువ భాగం ఈ నమ్మకానిదే. ఆసనమంటే స్థిరంగా, సుఖంగా ఉండాలని పతంజలి ఏనాడో చెప్పిందీ ఇందుకు తగ్గట్టే ఉంది. పళ్లు బిగబట్టి చేసేది ఆసనం కాదు, కుస్తీ!

మరి బరువు మాటేంటి?

చాలామంది యోగా మొదలుపెట్టేది దీనికోసమే. నెల తిరక్కుండా మానేసేదీ దీనివల్లే. కాబట్టి లెక్క ముందే తెలుసుకోవడం మంచిది. 70 కిలోల మనిషి గంటసేపు నిదానంగా ఆసనాలు వేస్తే ఖర్చయ్యేది సుమారు 175 క్యాలరీలు. అదే గంట చురుగ్గా నడిస్తే 300 దాకా. ఒక కిలో కొవ్వులో ఉండేది దాదాపు 7,700 క్యాలరీలు. అంటే ఒక్క ఆసనాలతోనే కిలో తగ్గాలంటే నలభై గంటలకు పైనే పడుతుంది. క్లాసు నుంచి వస్తూ వస్తూ ఓ ప్లేటు మిరపకాయ బజ్జీలు లాగిస్తే ఆ గంట కష్టమూ హుళక్కే.

అయితే యోగాతో బరువుకు సంబంధమే లేదా? ఉంది, కాకపోతే దొడ్డిదారిన! అమెరికాలో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రానికి చెందిన అలన్ క్రిస్టల్ బృందం 53 నుంచి 57 ఏళ్ల మధ్య వయసున్న సుమారు 15,500 మంది వివరాలు సేకరించి 2005లో ప్రచురించింది. 45 ఏళ్ల వయసులో అధిక బరువున్నవారిలో, నాలుగేళ్లకు పైగా యోగా చేసినవారు తర్వాతి పదేళ్లలో సగటున రెండు కిలోలకు పైగా తగ్గారు. చేయనివారు ఆరు కిలోల దాకా పెరిగారు. వాళ్లు కరిగించిన క్యాలరీలతో ఇంత తేడా రాదు. యోగా చేసేవారికి తమ ఒంటి మీద ధ్యాస పెరుగుతుందనీ, కడుపు నిండిన సంగతి ముందే తెలుస్తుందనీ ఆ బృందం భావించింది. ఆకలి లేకపోయినా విసుగుతోనో, దిగులుతోనో తినే అలవాటు యోగా చేసేవారిలో తక్కువని 2009లో వచ్చిన వారి మరో పరిశీలన చెప్పింది. ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవారే యోగాకు వెళ్లి ఉండొచ్చు కదా అన్న ప్రశ్న ఉండనే ఉంది. అయినా మారుఅన్నం వడ్డించుకునే ముందు ఒక్క క్షణం ఆగడం నేర్పితే, అంతకన్నా కావాల్సిందేముంది?

భారతీయుల బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. మగవారికి నడుం చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే పనీ ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కాబట్టి ఆసనాలు, నడక, పళ్లెంలో అదుపు... మూడూ ఉంటేనే బండి నడుస్తుంది.

నలభై దగ్గర మొదలుపెట్టి...

'ఇప్పుడా, ఈ వయసులోనా' అనేవారు ఇంద్రాదేవి కథ వినాలి. 1899లో రీగా నగరంలో పుట్టిన ఈమె అసలు పేరు యుజీనియా. నలభైకి చేరువవుతున్న రోజుల్లో మైసూరు వెళ్లి, రాజాశ్రయంలో యోగా నేర్పుతున్న తిరుమలై కృష్ణమాచార్య దగ్గర శిష్యరికం చేశారు. మొదట ఆయన కుదరదన్నారు. పట్టువదలకపోవడంతో ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఆమె దేశదేశాల్లో యోగా నేర్పి, 2002లో నూట రెండేళ్ల వయసులో కన్నుమూశారు.

అదే కృష్ణమాచార్య శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగార్ వంగని ఒళ్లకు మరో దారి చూపించారు. చేయి నేలకు అందకపోతే కింద ఓ చెక్కదిమ్మ, పాదం అందకపోతే ఓ బెల్టు, కూర్చోలేకపోతే కుర్చీ, పడుకోలేకపోతే తలగడ. 'ఒంటిని ఆసనం దగ్గరకు ఈడ్చుకుపోవద్దు, ఆసనాన్నే దగ్గరకు తెచ్చుకోండి' అన్నట్టుగా ఉంటుంది ఆ పద్ధతి. నడివయసు వారికి ఇంతకన్నా ధైర్యమేం కావాలి! నడుంనొప్పి దీర్ఘకాలంగా వేధిస్తుంటే మందులకన్నా ముందు ప్రయత్నించదగ్గ పద్ధతుల్లో యోగాను కూడా చేరుస్తూ 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ మార్గదర్శకాలిచ్చింది.

మొదటి నెల ఇలా...

తొలిరోజే పద్మాసనం, శీర్షాసనం జోలికి పోవద్దు. పక్కవారిని చూసి వంగొద్దు. రోజుకు ఇరవై నిమిషాలు చాలు.

* తాడాసనం: పాదాలు కాస్త ఎడంగా ఉంచి నిలబడి, చేతులు పైకి చాచి ఒళ్లంతా సాగదీయాలి. తూలుతుంటే గోడ దగ్గర నిలబడొచ్చు.
* మార్జాలాసనం: చేతులు, మోకాళ్ల మీద ఉండి, ఊపిరితోపాటు వీపును పైకీ కిందికీ వంచాలి. మోకాళ్ల కింద మడతపెట్టిన దుప్పటి వేసుకుంటే నయం.
* భుజంగాసనం: బోర్లా పడుకుని, చేతుల మీద భారమంతా వేయకుండా ఛాతీని కొద్దిగా లేపాలి.
* సేతుబంధాసనం: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, నడుము పైకెత్తాలి. తొడలకు, పిరుదులకు బలం.
* పవనముక్తాసనం: మోకాళ్లను ఒక్కొక్కటిగా పొట్ట మీదికి తెచ్చుకోవాలి.
* శవాసనం: చివర్లో అయిదు నిమిషాలు. హడావుడిగా లేచి పొయ్యి దగ్గరకు పరిగెత్తితే లాభం లేదు.

ఇవి అలవాటయ్యాకే సూర్య నమస్కారాలు. పన్నెండు భంగిమలున్న ఈ వరుసను మొదట రెండుసార్లతో సరిపెట్టి, వారం వారం పెంచుకోవాలి. భోజనానికీ ఆసనాలకూ మధ్య మూడు, నాలుగు గంటల ఎడం ఉండాలి.

వీళ్లు మాత్రం జాగ్రత్త

రక్తపోటు అదుపులో లేనివారు తలకిందుల ఆసనాలు వేయకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. గ్లకోమా ఉన్నవారికి తల కిందికి వంచితే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. ఎముకలు గుల్లబారినవారు, డిస్కు సమస్య ఉన్నవారు నడుం నుంచి బాగా ముందుకు వంగడం ప్రమాదం. మోకాళ్లు అరిగినవారు వజ్రాసనం, పద్మాసనం బలవంతాన వేయొద్దు. తుంటి తిరగనప్పుడు ఆ మెలి అంతా మోకాలి మీదే పడుతుంది. ఇన్సులిన్ తీసుకునేవారు పరగడుపున చేసేముందు వైద్యుణ్ని అడగాలి. గుండెజబ్బు ఉన్నవారు, ఆపరేషన్ అయినవారూ అంతే. టీవీ చూసి నేర్చుకోవడం కన్నా, మొదటి రెండు నెలలైనా మీ జబ్బుల చిట్టా అడిగి తెలుసుకునే గురువు దగ్గర నేర్చుకోవడం మేలు. 'నొప్పి వచ్చినా ఆపకండి' అనే గురువుకు దణ్ణం పెట్టి వచ్చేయండి.

ఇక ఆ దంపతుల సంగతి. చాప పరిచి ఆర్నెల్లయితే తూకంలో పది కిలోలేమీ తగ్గకపోవచ్చు. మూడు తగ్గితే గొప్పే. కానీ చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి కుర్చీ వెతుక్కోవడం తగ్గుతుంది. మంచం కింద దొర్లిన మాత్ర తీయడానికి పిల్లల్ని పిలవడం తగ్గుతుంది. పొద్దున్నే నిద్ర లేవగానే 'అబ్బా నడుం' అన్న మాట వినిపించదు. తూనిక యంత్రం చెప్పని ఈ మార్పులే మనిషిని మర్నాడూ చాప దగ్గరకు రప్పిస్తాయి.

కూతురి పెళ్లి ఎప్పుడో ఒకప్పుడు కుదురుతుంది. కన్యాదానానికి పీటల మీద కూర్చోవాలి కదా. కూర్చోవడం ఎలాగూ తప్పదు. లేచేటప్పుడు బావమరిది చెయ్యి అవసరం లేకపోతే, ఆ చేత్తో ఆయన నాలుగు అక్షింతలు ఎక్కువ వేస్తాడు!