తుప్పు వదలనిదే రంగు నిలవదు
వానలకు ముందే రేకుల కప్పుకు మరమ్మతు.. తీర గ్రామాల వారికి తెలియాల్సిన మెలకువలు

కాకినాడ: సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇనుప రేకుల కప్పుకు ఆయుష్షు తక్కువ. కొత్తగా వేసినప్పుడు వెండిలా మెరిసిన రేకు కొద్ది ఏళ్లలోనే ఎర్రబారుతుంది. ఆపై చిల్లులు పడి కారడం మొదలవుతుంది. ఉప్పాడ పరిసరాల్లో జాందానీ చీరలు నేసే ఇళ్లలో మగ్గం మీద ఒక్క తుప్పు చుక్క పడినా వారాల తరబడి పడిన శ్రమ మరకపాలవుతుంది. మత్స్యకార కుటుంబాలు వలలు, ఎండుచేపలు దాచుకునేదీ ఇలాంటి కప్పుల కిందే. అందుకే వానలకు ముందు రంగు డబ్బా కొని రేకులకు పూయించడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. అయితే తుప్పు మీదనే పూసిన రంగు ఒక్క వర్షాకాలం గడిచేసరికి పెచ్చులుగా లేచిపోతుంది. లోపం చాలాసార్లు రంగుది కాదు, దాని కింద మిగిలిపోయిన తుప్పుది, ఉప్పుది. ఈ పనిలో ముప్పాతిక వంతు శ్రమ బ్రష్‌ను రంగులో ముంచకముందే పూర్తి కావాలి.

తుప్పు ఎందుకు పడుతుంది?

జీఐ రేకు అంటే జింకు పూత పూసిన ఉక్కు రేకు. గాలి, తేమ సోకినప్పుడు జింకు ముందుగా తాను అరిగిపోతూ లోపలి ఉక్కును కాపాడుతుంది. చిన్న గీత పడినా చుట్టూ ఉన్న జింకే ఆ చోటును కాచుకుంటుంది. జింకు అయిపోయిన చోటే ఎర్ర తుప్పు తల ఎత్తుతుంది.

ఈ పూత పరిమాణాన్ని చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని లెక్కిస్తారు. రెండు వైపులా కలిపి 120 గ్రాములంటే ఒక్కో వైపు మందం 8 మైక్రాన్లకు కాస్త ఎక్కువ. 275 గ్రాములైతే దాదాపు 19 మైక్రాన్లు. పొడి వాతావరణం ఉండే లోతట్టు పల్లెల్లో జింకు ఏడాదికి ఒక మైక్రాను కూడా అరగదు. ఉప్పుగాలి నేరుగా తగిలే చోట నాలుగు మైక్రాన్లకు మించి అరిగిపోగలదు. అంటే పలుచని పూత ఉన్న రేకు తీరంలో రెండేళ్లకే రక్షణ కోల్పోయే ప్రమాదం ఉంది.

వాన తడవని చోట తుప్పు పట్టదనుకోవడం పొరపాటు. పైభాగంలో చేరిన ఉప్పును వర్షం కడిగేస్తుంది. చూరు కింద, రేకు అడుగున, రెండు రేకుల అతుకుల మధ్య ఆ అవకాశం ఉండదు. అక్కడ పేరుకున్న ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని రేకును తినేస్తుంది. గాలికి ఎగరకుండా పైన పెట్టే ఇసుక బస్తాలు, రాళ్లు, పాత టైర్లు, రాలిపడిన కొబ్బరి మట్టలు కూడా తడిని రోజుల తరబడి పట్టి ఉంచుతాయి. వాటిని తొలగించి చూస్తే తుప్పు అసలు స్వరూపం బయటపడుతుంది.

రంగు వేయాలా.. రేకు మార్చాలా?

ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే. తుప్పు ఎక్కువగా ఉన్నచోట స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడాలి. గట్టిగా నిలిస్తే రేకుకు ఇంకా బలం ఉన్నట్లే. మొన దిగిపోతే, పెచ్చులు పొరలు పొరలుగా ఊడివస్తే ఆ రేకును మార్చడమే మేలు. పగటిపూట ఇంటి లోపల దీపాలు ఆర్పి పైకి చూస్తే సూది బెజ్జాల నుంచి వెలుతురు కనిపిస్తుంది. ఆ చోట్లను సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవాలి.

బోల్టులు, జె-హుక్కుల చుట్టూ మరింత జాగ్రత్తగా పరీక్షించాలి. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్‌ వంటి పెనుతుపాన్లలో రేకులు ఎగిరిపోయి ఎన్నో కుటుంబాలు నిలువ నీడ కోల్పోయాయి. బోల్టు రంధ్రం చుట్టూ రేకు చివికిపోతే బోల్టు దూలాన్నే పట్టుకుని ఉంటుంది, రేకు మాత్రం ఊడి లేచిపోతుంది. రంగు తుప్పును ఆపగలదే తప్ప తుప్పు తిన్న బలాన్ని తిరిగి తేలేదు. చివికిన హుక్కులను, ఎండి పగిలిన వాషర్లను రంగుకు ముందే మార్చాలి.

సిమెంటు రేకులను గోకరాదు

కప్పుపై ఉన్నది ఏ రేకో తెలుసుకోవడం తప్పనిసరి. బూడిద రంగులో మందంగా ఉండే సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార ఉండే అవకాశం ఎక్కువ. వాటిని వైర్ బ్రష్‌తో రుద్దినా, గోకినా కంటికి కనిపించని నార గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. క్యాన్సర్‌కు సైతం దారితీస్తుంది. తుప్పు వదిలించే పద్ధతి ఇనుప రేకులకే పరిమితం. కర్మాగారంలోనే రంగు వేసి వచ్చే కలర్ కోటెడ్ రేకులను కూడా అంతటా రుద్దకూడదు. తుప్పు పట్టిన అంచులు, గీతలు పడిన చోట్ల వరకే శుభ్రం చేసుకోవాలి.

పాత రంగుతోనూ అప్రమత్తత అవసరం. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎంకు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఉండవచ్చు. అలాంటి పొరను తడిపి గోకాలి. రాలిన పెచ్చులను గోనెపట్టాపై పడేలా చూసి ఎత్తివేయాలి. పిల్లలను, కోళ్లను, పశువులను ఆ దరికి రానీయకూడదు. తాగునీటి పాత్రలపై మూతలుంచాలి.

కడిగిన తర్వాతే గోకుడు

చాలామంది చేసే తప్పు నేరుగా వైర్ బ్రష్ అందుకోవడం. ఉప్పు ఉన్న రేకును పొడిగా రుద్దితే అది తుప్పు గుంటల్లోకి మరింతగా చేరుతుంది. దానిపై రంగు వేస్తే లోపలి ఉప్పు తేమను లాక్కుని బొబ్బలు లేస్తాయి. అందువల్ల మొదట మంచినీటితో కప్పంతా కడగాలి. ఉప్పునీటి బోరు ఉన్న ఇళ్లవారు ఈ పనికి ఆ నీరు వాడకూడదు. పొయ్యి పొగ, జిడ్డు, నాచు ఉంటే సబ్బునీటితో రుద్ది మళ్లీ కడగాలి.

ఆరాక లేచిన పెచ్చులను పట్టీతో తీసి, తుప్పును వైర్ బ్రష్‌తో, ఆపై ఎమరీ కాగితంతో రుద్దాలి. గట్టి ఉక్కు తగిలే వరకు ఆపకూడదు. ఉక్కుకు అంటిపెట్టుకున్న పలుచని మరక మిగిలినా ఫర్వాలేదు, వేలికి అంటే పొడి మాత్రం మిగలరాదు. గ్రైండర్‌కు వైర్ చక్రం బిగించి రుద్దితే పని త్వరగా అవుతుంది. కానీ జింకు ఇంకా మిగిలి ఉన్న చోట దాన్ని వాడితే ఉన్న రక్షణ కాస్తా పోతుంది. అక్కడ ఎమరీ కాగితంతో పైపైన గరుకు చేస్తే చాలు. పని ముగిశాక మరోసారి మంచినీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి.

మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో తుప్పు వదిలించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఇది రేకుకే చేటు. ఆ యాసిడ్ మిగిలిన జింకును కరిగించడమే కాక, ఉప్పులో ఉండే క్లోరైడ్‌నే రేకుపై వదిలిపెడుతుంది. రుద్దినా లొంగని గుంటలకు ఫాస్ఫారిక్ ఆమ్లం గానీ, టానిక్ ఆమ్లం గానీ ఉండే రస్ట్ కన్వర్టర్లు దొరుకుతాయి. ఇవి తుప్పును గట్టి పొరగా మారుస్తాయి. ఊడిపోయే పెచ్చులపై పూస్తే మాత్రం ప్రయోజనం ఉండదు.

ప్రైమర్ ఆలస్యం కారాదు

శుభ్రం చేసిన ఉక్కు తీరపు గాలిలో గంటల్లోనే మళ్లీ ఎర్రబారుతుంది. కాబట్టి ఒక రోజులో ప్రైమర్ వేయగలిగినంత మేరకే రుద్దుకోవాలి. ఉక్కు తేలిన చోట రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వాడుక. వీటిలో జింకు క్రోమేట్ ఉన్న రకం ఆరోగ్యానికి హానికరం, క్యాన్సర్ కారకం. జింకు ఫాస్ఫేట్ ఉన్న రకాన్ని ఎంచుకోవడం మంచిది.

జింకు మెరుపు మిగిలి ఉన్న భాగానికి వేరే పద్ధతి అవసరం. నూనె ఆధారిత ఎనామిల్‌ను జింకుపై నేరుగా వేస్తే రెండింటి మధ్య చర్య జరిగి సబ్బులాంటి పొర ఏర్పడుతుంది. కొన్నాళ్లకు రంగు చర్మం ఒలిచినట్లు ఊడివస్తుంది. దుకాణంలో జీఐ రేకులకు పనికొచ్చే ప్రైమర్ అని అడిగి, డబ్బాపై రాసినది చూసి కొనాలి. బోల్టు తలలు, రేకు అంచులు, అతుకులకు ముందుగా చిన్న బ్రష్‌తో ఒక పూత అదనంగా వేయాలి. రంగు పలుచబడేదీ, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. సూది బెజ్జాలను ఎపాక్సీ పుట్టీతో, కాస్త పెద్దవాటిని ఫైబర్ జాలీ గుడ్డ, సీలెంట్‌తో మూసివేయాలి.

ఎంత రంగు.. ఎప్పుడు వేయాలి?

ముడతల రేకుకు కొలత కంటే ఎక్కువ రంగు పడుతుంది. సాధారణ రేకులో మిట్టపల్లాల వల్ల విస్తీర్ణం దాదాపు 13 శాతం పెరుగుతుంది. వాలు వెంబడి కొలిచిన 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు కప్పు 400 చదరపు అడుగులు. రంగు పూయాల్సింది మాత్రం సుమారు 450 చదరపు అడుగులు. గరుకు రేకుపై లీటరు రంగు 90 చదరపు అడుగులకు వస్తుందనుకుంటే ఒక్కో పూతకు 5 లీటర్లు కావాలి. ప్రైమర్ ఒకటి, రంగు రెండు పూతలకు కలిపి 15 లీటర్లన్న మాట. ఒకే మందపాటి పూత కంటే రెండు పలుచని పూతలు మన్నుతాయి. పూతకు పూతకు మధ్య వ్యవధి డబ్బాపై ఉన్న ప్రకారం పాటించాలి.

రోహిణి కార్తె ఎండలు ముదరకముందే పని ముగించడం ఉత్తమం. మిట్టమధ్యాహ్నం కాలుతున్న రేకుపై రంగు అంటుకోకముందే ఎండిపోతుంది. తెల్లవారుజామున రేకుపై మంచు తడి ఉంటుంది. తడి పూర్తిగా ఆరాక మొదలుపెట్టి ఎండ ముదిరేలోగా ఆపాలి. సాయంత్రం మంచు దిగేలోపు రంగు ఆరేలా చూసుకోవాలి. పై పూతకు తెలుపు లేదా లేత రంగు ఎంచుకుంటే ఎండ వేడి వెనక్కి మళ్లి ఇల్లు చల్లబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ ఉద్దేశంతోనే.

పైకెక్కే ముందు..

* తుప్పు తిన్న రేకుపై నేరుగా అడుగు వేయరాదు. కింద దూలం ఉన్న వరుసలోనే, బలమైన పలక పరిచి దానిపై నడవాలి.
* కప్పుపై తాకుతున్న కరెంటు సర్వీసు తీగను విద్యుత్ సిబ్బందితో సరిచేయించాకే పని మొదలుపెట్టాలి. ఇనుప నిచ్చెనను తీగల దగ్గర నిలపకూడదు.
* తడి రేకుపై కాలు జారుతుంది. కడిగే పనిని వీలైనంత వరకు నిచ్చెనపై నుంచే చేయాలి.
* నడుముకు తాడు కట్టుకోవాలి. ఒంటరిగా ఎక్కరాదు, కింద ఒకరు నిచ్చెన పట్టుకుని ఉండాలి.
* కళ్లద్దాలు, చేతి తొడుగులు, దుమ్ము ఆపే మాస్కు ధరించాలి.

రంగుతో పని అయిపోయినట్లు కాదు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లవారు చూరు కింద, రేకు అడుగు భాగంలో అప్పుడప్పుడు మంచినీరు చల్లి ఉప్పు కడగాలి. ఏటా వానలకు ముందొకసారి, అక్టోబరులో తుపాన్ల కాలం మొదలయ్యే ముందు మరోసారి బోల్టులను, అతుకులను పరిశీలించాలి. రూపాయి బిళ్లంత తుప్పు మరక కనబడినప్పుడే రుద్ది పూత వేస్తే కొద్ది నిమిషాల్లో అయిపోయే పని అది. అలక్ష్యం చేస్తే రేకు మొత్తం మార్చాల్సి వస్తుంది.