గ్యాస్ నుంచి కరెంటుకు: ముందు గీజర్, తరువాతే పొయ్యి

గ్యాస్ మానేసి కరెంటు పొయ్యికి మారితే మంచిదేనా అని చాలా కుటుంబాలు మమ్మల్ని అడుగుతున్నాయి. మన దేశం వాడే వంటగ్యాస్‌లో సగానికి పైగా దిగుమతే. ధర మన చేతిలో లేదు కనుక ఈ ఆలోచన సహజమే. అయితే వంటింటికంటే ముందు స్నానాలగది చూసుకోమని మా మనవి.

గ్యాస్ గీజర్ మండటానికి గాలి కావాలి. తలుపు, కిటికీ మూసిన చిన్న గదిలో గాలి చాలక, గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ లీకైతే తెలియడానికి గ్యాస్‌లో ఘాటైన వాసన కలుపుతారు. కానీ ఇక్కడ గ్యాస్ లీకవదు, మండుతుంది. కాబట్టి ఆ వాసన మనల్ని హెచ్చరించదు. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, ఆపై స్పృహ తప్పడం. తలుపు గడియేమో లోపలినుంచి వేసి ఉంటుంది. అందుచేత మొదట మార్చవలసింది ఇదే. వెంటనే కరెంటు గీజర్ కొనలేనివారు, ఉన్నదాన్ని స్నానాలగది బయట, గాలి బాగా ఆడే చోట బిగించుకోవాలి.

ఇక పొయ్యి సంగతి. ఇండక్షన్ పొయ్యిలో మంట ఉండదు. పైపలక కింద ఉన్న రాగి తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తే, దానివల్ల గిన్నె అడుగే వేడెక్కుతుంది. గిన్నె అడుగున అయస్కాంతం అంటుకుంటే అది పనికొస్తుంది. మామూలు అల్యూమినియం గిన్నెలు, మట్టి పాత్రలు పనికిరావు. పచ్చడికి వంకాయ కాల్చడం దానిమీద కుదరదు. పేస్‌మేకర్ ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి.

ఖర్చు లెక్క ఇలా వేసుకోవచ్చు. 14.2 కిలోల సిలిండర్‌తో అయ్యే వంటకు ఇండక్షన్ మీద సుమారు 130 నుంచి 140 యూనిట్లు పడుతుంది. సిలిండర్ రెండు నెలలు వచ్చే ఇంట్లో నెలకు 70 యూనిట్ల దాకా పెరుగుతుంది. పెరిగిన యూనిట్లు బిల్లులో పై శ్లాబులో పడతాయి. ఆ రేటుతో గుణించి సిలిండర్ ధరతో పోల్చండి. తెలంగాణలో గృహజ్యోతి పొందుతున్నవారు మరీ జాగ్రత్తపడాలి. వాడకం 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టవలసిందే.

ఇండక్షన్ పొయ్యి అయినా, గీజర్ అయినా సుమారు 2000 వాట్లు లాగుతుంది. ఫ్యాన్లకు, లైట్లకు వేసిన సన్నటి వైరుకు కలిపితే అది కాలిపోవచ్చు. 16 ఆంపియర్ల ప్లగ్గు, విడి వైరు, సరైన ఎర్తింగ్ ఉండాలి. మంజూరైన లోడు చాలకపోతే పెంచుకోవాలి. కరెంటు పోయే రోజులు ఉంటాయి గనుక ఒక సిలిండర్ ఉంచుకోవడమే మేలు.

పొయ్యి మార్పు నిదానంగా చేసుకోవచ్చు, గీజర్ విషయం ఆగేది కాదు. కుటుంబ ప్రార్థనలకు ఇళ్ళకు వెళ్ళే సేవకులు, సంఘ పెద్దలు ఈ చలికాలం ఒక్క మాట అడగండి: మీ గీజర్ గ్యాసుదా? ఎక్కడ బిగించారు?