పెంచిన చేతుల హక్కు

 

శంషాబాదు విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైన నాటి నుండి మనం హజ్ యాత్రికులను అక్కడి నుండే సాగనంపుతున్నాము. ఇహ్రామ్ ధరించిన వారిని చూసి మన కళ్ళు చెమర్చుతాయి. అవే ద్వారాల గుండా మిగిలిన రోజులలో మరికొందరు వెళుతుంటారు. కువైట్‌కు, సౌదీ అరేబియాకు ఇంటిపని కోసం పోయే స్త్రీలు వారు. బయట అమ్మమ్మ చంకలో బిడ్డ ఏడుస్తుంటుంది. ఆ బిడ్డ తల్లి వెళుతున్నది మరొకరి బిడ్డను పెంచడానికి. ఇక్కడ, శంషాబాదు అపార్ట్‌మెంట్లలో, తల్లిదండ్రులు షిఫ్టు పనికి పోయిన ఇంట్లో మరొక పనిమనిషి వారి పాపను జోకొడుతూ ఉంటుంది.

కొందరు తల్లులు మన దగ్గర ఒక బాధ చెప్పుకుంటారు. బిడ్డ తమకంటె పెంచే ఆమెనే ఎక్కువగా వెదుకుతున్నదని, రాత్రి ఉలిక్కిపడి లేస్తే ఆమె పేరే పిలుస్తున్నదని. ఇది నవ్వి తీసివేయదగిన బాధ కాదు. అయితే దానికి కొందరు వెదికే ఉపాయం మాత్రం మనకు సమ్మతం కాదు. బిడ్డకు చేరిక కాకముందే పనిమనిషిని మార్చివేస్తారు. ఆరు నెలలకొక ముఖం. ఆ బిడ్డ ఎవరికని బెంగపెట్టుకోవాలి?

మన ప్రవక్త (స) బాల్యాన్ని చూడండి. మొదట కొద్దికాలం ఆయనకు పాలిచ్చినది అబూలహబ్ దాసి సువైబా. ఆ తరువాత బనూ సాద్ తెగకు చెందిన హలీమా (రజి) ఎడారికి తీసుకుపోయి పెంచారు. హలీమా మక్కాకు వచ్చినది జీతం కోసమే, అది కరువు సంవత్సరం. తండ్రిలేని బిడ్డను తీసుకుంటే ఏమి దక్కుతుందిలే అని మొదట సంకోచించారు కూడా. సీరత్ గ్రంథాలు ఈ విషయాన్ని దాచలేదు. జీతం కోసం మొదలైన పని ప్రేమగా మారింది. ఆమెను తల్లిగా గౌరవించినందువల్ల కన్నతల్లి ఆమినా గౌరవం రవ్వంత కూడా తగ్గలేదు.

హజ్రత్ ఉమ్మె ఐమన్ (రజి) గురించి మరికొంత వివరంగా చెప్పుకోవాలి. ఆమె అసలు పేరు బరకా, అబిసీనియా స్త్రీ, ప్రవక్త (స) తండ్రిగారి ఇంటి దాసి. ప్రవక్త (స)కు ఆరేళ్ళ వయస్సులో, యస్రిబ్ నుండి తిరిగి వస్తుండగా అబ్వా దగ్గర ఆమినా మరణించారు. ఆ పసివాడిని మక్కాకు చేర్చినది ఈమె. పెరిగి పెద్దయి ఆయన ఆమెకు స్వేచ్ఛనిచ్చారు, తన తల్లి తరువాత తల్లి అని చెప్పుకున్నారు. సహీహ్ ముస్లిమ్‌లో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఉన్నది. ప్రవక్త (స) ఆమె ఇంటికి వెళ్ళారు. ఆమె పానీయం అందించింది. ఆయన ఉపవాసంలో ఉన్నారో, వద్దనుకున్నారో, పుచ్చుకోలేదు. వెంటనే ఆమె గొంతు పెంచి కోప్పడింది. మదీనా నాయకుణ్ణి, అల్లాహ్ సందేశహరుణ్ణి, ఒకనాటి దాసి ఇంట్లో కూర్చోబెట్టి కసురుకున్నది! ఆ కసురు ఎక్కడిదో బిడ్డను పెంచిన ప్రతి స్త్రీకి తెలుసు. ఆయన ఆ హక్కును కాదనలేదు. ప్రవక్త (స) పరమపదించిన తరువాత అబూబక్ర్, ఉమర్ (రజి) ఆయన వెళ్ళినట్లే ఆమెను చూడడానికి వెళ్ళారు.

ఎత్తుకు తిరిగిన వారి హక్కు కూడా ఇటువంటిదే. హిజ్రీ 8వ సంవత్సరం హునైన్ యుద్ధంలో పట్టుబడిన వారిలో హలీమా కుమార్తె షైమా ఉన్నారు. తాను ఎత్తుకుని తిరుగుతుండగా పసివాడైన ఆయన కొరికిన పంటిగాటును ఆమె ఆనవాలుగా చూపారని సీరత్ రచయితలు వ్రాశారు. ప్రవక్త (స) తన వస్త్రం పరచి ఆమెను కూర్చోబెట్టారు. ఉండదలిస్తే గౌరవంగా ఉండమని, వెళ్ళదలిస్తే కానుకలతో పంపుతానని చెప్పి ఎంపికను ఆమెకే వదిలారు.

ఇక ధర్మశాస్త్రం. బఖరా సూరా 233వ ఆయతులో పాలిచ్చే స్త్రీకి న్యాయంగా ప్రతిఫలం చెల్లించాలని ఉన్నది. బిడ్డ కారణంగా తల్లికి హాని జరగరాదని కూడా అక్కడే ఉన్నది. నిసా సూరా 23వ ఆయతు పాలతల్లిని, పాల తోబుట్టువులను వివాహ నిషేధం విషయంలో రక్తసంబంధీకులతో సమానం చేసింది. పాలు ఇవ్వకుండా కేవలం పెంచిన స్త్రీకి ఈ నిషేధం వర్తించదు. ఆ పిల్లవాడు పెద్దవాడైతే పర్దా నియమాలు మామూలే. కాని గౌరవానికి పాలసంబంధం షరతు కాదు. ఉమ్మె ఐమన్‌ను ప్రవక్త (స) గౌరవించినది పెంపకానికే. మన హైదరాబాదు పాత దేవిడీలలో పాలిచ్చి పెంచిన స్త్రీని ఉర్దూలో 'అన్నా' అనేవారు. తెలుగువారి చెవికి అది తోబుట్టువు పిలుపులా వినిపిస్తుంది, అదీ తప్పేమీ కాదు.

వంట వండి, పొగను వేడిని భరించిన సేవకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవాలని, లేదా కనీసం ఒకటి రెండు ముద్దలైనా ఇవ్వాలని ప్రవక్త (స) ఆదేశించారు. మన ఇళ్ళలోనేమో పనిమనిషికి వేరే గ్లాసు గూట్లో బోర్లించి ఉంటుంది. బిడ్డకు ఆమె చేతి ముద్ద కావాలి, ఆమెకు మాత్రం మన గ్లాసు పనికిరాదు! పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగ్గొట్టిన వానికి ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాదిగా నిలుస్తాడని బుఖారీలోని హదీసు తెలుపుతున్నది.

ఆమె సొంత బిడ్డ సంగతి ఏమిటి? తల్లినీ బిడ్డనూ విడదీసిన వానిని ప్రళయదినాన అల్లాహ్ అతని ఆప్తుల నుండి విడదీస్తాడని తిర్మిజీలో ఉన్నది. ఆ మాట బందీల గురించి చెప్పబడినది, నిజమే. అయినా పాస్‌పోర్టు లాక్కుని, సెలవు ఇవ్వక, ఫోను కూడా దాచేసే యజమాని ఆ హదీసు విని నిశ్చింతగా ఉండగలడా? కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఇంటిపనివారికి వారంలో ఒక రోజు విశ్రాంతిని, జీతంతో వార్షిక సెలవును ఇచ్చింది. మన దేశ నియమం ప్రకారం గల్ఫ్‌కు ఇంటిపనికి 30 ఏళ్ళు నిండని స్త్రీకి అనుమతి లేదు. తెలంగాణలో ఆ నియామకాలు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జరగాలి. విజిట్ వీసా మీద రాత్రికి రాత్రి పంపే దళారి ఈ రక్షణలన్నింటినీ ఆమె చేతిలోనుండి లాగేసుకుంటాడు. అటువంటి దళారులు మన మొహల్లాలలో ఉన్నారు, మన సఫ్‌లలో మన పక్కనే నిలబడతారు. వారికి మనం ఆ మాట ముఖాన చెప్పాలి.

మన ఇళ్ళలో పని మానేసే రోజు గురించి ఒక్క మాట. లెక్క తేల్చి, బిడ్డ నిద్రలో ఉండగా ఆమెను పంపివేయకండి. బిడ్డను లేపి ఆమె చేతికి ఇవ్వండి, ఎందుకు వెళుతున్నదో చెప్పనివ్వండి. ఈదుకు పిలవండి, బిడ్డ చేత షీర్ ఖుర్మా గిన్నె పంపండి. సువైబా బ్రతికి ఉన్నంతకాలం ప్రవక్త (స) మదీనా నుండి ఆమెకు వస్త్రాలు పంపుతూనే ఉన్నారు.

ఓ అల్లాహ్! ఈ రాత్రి శంషాబాదు నుండి బయలుదేరే తల్లులనూ, వారి కోసం నిద్రపోని పిల్లలనూ నీ రక్షణలో ఉంచు. ఆమీన్.