ముక్కలు పేర్చడంలో ఎవరు గొప్ప?



“మగపిల్లలకు లెక్కలు తొందరగా వస్తాయి, ఆడపిల్లలకు రావు” అని అందరూ అంటుంటారు గదా. ఇది పుట్టుకతో వచ్చే తేడానా, పెంపకంతో వచ్చే తేడానా? శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్ష పెట్టి చూశారు.

శరీరంలో తేడాలున్న మాట నిజమే. పెద్దయ్యాక మగవాళ్లకు సగటున ఎత్తు, కండబలం ఎక్కువ. సగటు అంటే అందరూ అని కాదు. మగవాళ్ల కన్నా పొడుగైన ఆడవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు.

మరి తెలివి సంగతేమిటి? మన దేశంలోనే ఈశాన్య కొండల్లో ఖాసీలు, కర్బీలు అని రెండు తెగలున్నాయి. వాళ్లూ మనలాగే ఆదివాసులు. పక్కపక్కనే ఉంటారు, ఇద్దరిదీ వ్యవసాయమే. కానీ ఖాసీల్లో వంశం తల్లి పేరుతో నడుస్తుంది, ఆస్తి చిన్న కూతురికి వస్తుంది. కర్బీల్లో వంశం తండ్రిది, ఆస్తి కొడుకులది.

మోషే హాఫ్‌మన్, యూరి గ్నీజీ, జాన్ లిస్ట్ అనే పరిశోధకులు ఈ రెండు తెగల్లో దాదాపు 1,300 మందికి ఒక బొమ్మ ముక్కలిచ్చి పేర్చమన్నారు.  ఎవరికి ఎంత టైం పట్టిందో రాసుకున్నారు. ఫలితం 2011లో అచ్చయింది.

కర్బీల్లో మగవాళ్లు ముందు పేర్చారు. ఖాసీల్లో ఆడ, మగ సమానం! ఈ మార్పులో మూడో వంతుకు కారణం చదువేనని లెక్క తేలింది. కర్బీ ఆడవాళ్లకు మగవాళ్లంత చదువు దొరకలేదు. అంటే తెలివి తక్కువై కాదు, అవకాశం తక్కువై వెనకబడ్డారు.

ఒక్క పరీక్షతో అన్నీ తేలవు అంటారేమో. అమెరికాలో జానెట్ హైడ్, ఆమెతో పనిచేసినవాళ్లు 10 రాష్ట్రాల్లో 70 లక్షల మందికి పైగా పిల్లల లెక్కల మార్కులు చూశారు. 2వ తరగతి నుంచి 11వ తరగతి దాకా ఆడ, మగ సగటుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని 2008లో రాశారు.

మా అమ్మ బడి మొహం చూడలేదు. అయినా సంతలో కాటా కన్నా ముందు ఆమె నోటిలెక్క తేలుతుంది. చదివిస్తే ఎంత చదివేదో!

అందుకని వార్డెన్ గార్లకు ఒక మనవి. స్టడీ అవర్‌లో బియ్యం ఏరడానికి ఆడపిల్లల్నే పిలుస్తున్నారు. అందరికీ వంతులు వేయండి. రాళ్లు ఏరడం మగపిల్లలకూ వస్తుంది, లెక్కలు చేయడం మాకూ వస్తుంది.

చెల్లెళ్లూ, లెక్క రాకపోతే “నేను ఆడపిల్లను గదా” అనకండి. ఇంకోసారి చేసి చూడండి.

ఇట్లు,
మీ 9వ తరగతి విద్యార్థిని