హాకీ గోల్‌కీపర్ స్థాననిర్ణయం: మౌలిక సూత్రాలు, తెలుగులో బోధన

వ్యాససంగ్రహం:
హాకీ గోల్‌కీపర్ ప్రతిభను ప్రేక్షకులు సాధారణంగా దూకి ఆపిన బంతులతో కొలుస్తారు. దూకవలసిన అవసరాన్నే తగ్గించే నైపుణ్యం స్థాననిర్ణయం. కోణరేఖ, లోతు, అభిముఖత, సన్నద్ధత అనే నాలుగు మౌలికాంశాలను సరళమైన లెక్కలతో వివరించడం, వాటిని తెలుగులో బోధించే మార్గాన్ని సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: హాకీ, గోల్‌కీపర్, స్థాననిర్ణయం, కోణరేఖ, లోతు, క్రీడాపరిభాష.

1. ఉపోద్ఘాతం:
తెలుగు నేల నుంచి భారత మహిళల హాకీ జట్టుకు ఎదిగిన గోల్‌కీపర్ ఇతిమరపు రజని. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు చెందిన ఆమె 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో సభ్యురాలు. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన తొలి హాకీ ఫైవ్స్ ప్రపంచకప్‌లో రజత పతకం సాధించిన భారత జట్టుకు ఆమే నాయకత్వం వహించారు. గ్రామీణ ప్రాంతం నుంచి ఇలాంటి క్రీడాకారిణి రావడం గర్వకారణమే. అయితే ఆ బాటలో నడవాలనుకునే తెలుగు విద్యార్థికి ఈ విద్యను స్వభాషలో వివరించే రచనలు చాలా తక్కువ. ‘బాగా ఆపాలి’ అనే సలహా ఎక్కడ నిలబడాలో చెప్పదు.

తెలుగులోని ఒక ప్రయోగభేదం ఇక్కడ ఉపకరిస్తుంది. ‘బంతిని అడ్డుకోవడం’ ఒక చర్య. అది షాట్ తరువాత జరుగుతుంది. ‘బంతికి అడ్డుగా ఉండడం’ ఒక స్థితి. అది షాట్‌కు ముందే సిద్ధించాలి. గోల్‌కీపర్ విద్యలో రెండవదే మొదటిదానికి పునాది.

2. రక్షించవలసిన వైశాల్యం:
హాకీ గోలు వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. ఐస్ హాకీ గోలు వెడల్పు 1.83 మీటర్లు, అంటే ఇందులో సరిగ్గా సగం. ఐస్ హాకీలో భారీ రక్షణ కవచాలు ధరించిన గోల్‌టెండర్ గోలులో చాలా భాగాన్ని శరీరంతోనే కప్పగలడు. మైదాన హాకీలో ఆ అవకాశం తక్కువ కాబట్టి నిలబడే చోటులో చిన్న పొరపాటు కూడా పెద్ద ఖాళీగా మారుతుంది. సూత్రాలు మాత్రం రెండు క్రీడలకూ ఉమ్మడివే.

3. కోణరేఖ:
బంతి నుంచి రెండు గోలుస్తంభాలకు రెండు ఊహారేఖలు గీస్తే ఒక కోణం ఏర్పడుతుంది. నేల మీదుగా గోలులోకి నేరుగా వెళ్లే ప్రతి బంతీ ఈ కోణంలోనే ప్రయాణించాలి. కోణాన్ని సమానంగా విభజించే రేఖే కోణరేఖ. గోల్‌కీపర్ నిలవవలసింది ఆ రేఖపైన.

కోణరేఖ గోలు మధ్యబిందువు గుండానే పోతుందన్న భావన సరికాదు. బంతి మైదానం మధ్యలో ఉన్నప్పుడే అది నిజం. బంతి దగ్గరి స్తంభానికి 6 మీటర్లు, దూరపు స్తంభానికి 9 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. జ్యామితి ప్రకారం కోణసమద్విఖండన రేఖ గోలురేఖను ఆ దూరాల నిష్పత్తిలోనే, అంటే 6:9గా విభజిస్తుంది. అప్పుడు ఆ బిందువు దగ్గరి స్తంభం నుంచి సుమారు 1.46 మీటర్ల వద్ద ఉంటుంది. గోలు మధ్యబిందువు 1.83 మీటర్ల వద్ద ఉంది. మధ్యబిందువునే నమ్ముకొని గోలురేఖపై నిలిచిన కీపర్ దగ్గరి స్తంభం వైపు జానెడున్నర చోటును అదనంగా వదిలేసినట్లు. దగ్గరి స్తంభం పక్కనుంచి గోలు పోవడానికి ఇదొక ముఖ్య కారణం.

4. లోతు:
గోలురేఖ నుంచి ఎంత ముందుకు రావాలన్నది రెండవ ప్రశ్న. దీపం ముందు అరచేయి పెట్టి గోడపై నీడను చూస్తే ఇది తేలికగా బోధపడుతుంది. చేయి దీపానికి దగ్గరయ్యేకొద్దీ నీడ పెరుగుతుంది. బంతి దీపం, గోలు గోడ, కప్పబడిన భాగం నీడ.

బంతి గోలుకు ఎదురుగా 12 మీటర్ల దూరంలో ఉందని, సన్నద్ధ భంగిమలో కీపర్ 0.8 మీటర్ల వెడల్పును కప్పుతాడని అనుకుందాం. గోలురేఖపైనే నిలిస్తే ఇరువైపులా 1.43 మీటర్ల చొప్పున ఖాళీ మిగులుతుంది. 3 మీటర్లు ముందుకు వస్తే అతడు నిలిచిన చోట కోణం వెడల్పు సుమారు 2.75 మీటర్లకు తగ్గి, ఇరువైపులా 0.97 మీటర్లు మాత్రమే మిగులుతాయి. ఒక్కోవైపు అందుకోవలసిన దూరం దాదాపు మూడోవంతు తగ్గింది.

ఈ లాభానికి మూల్యం కాలం. బంతి సెకనుకు 25 మీటర్ల వేగంతో వస్తే గోలురేఖపై ఉన్నవారికి 0.48 సెకన్లు దొరుకుతాయి. 3 మీటర్లు ముందున్నవారికి 0.36 సెకన్లే. అదీగాక ప్రత్యర్థి బంతిని పక్కవారికి అందిస్తే, ముందుకు వచ్చిన కీపర్ కొత్త కోణరేఖను చేరడానికి ఎక్కువ దూరం కదలాలి. కాబట్టి పాస్ ఇవ్వడానికి వీలులేని ఒంటరి దాడిలో లోతు పెంచాలి. పక్కన మరో ప్రత్యర్థి సిద్ధంగా ఉంటే తగ్గించాలి.

5. అభిముఖత, సన్నద్ధత:
సరైన చోట నిలిచినా భుజాలు, తుంటి బంతివైపు తిరగకపోతే కప్పే వెడల్పు తగ్గిపోతుంది. ఛాతీ గోలురేఖకు సమాంతరంగా కాక బంతికి ఎదురుగా ఉండాలి. ఇదే అభిముఖత.

భంగిమలో పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్లు కొద్దిగా వంగి, బరువు మునివేళ్ల వైపు, చేతులు శరీరానికి ముందు ఉండాలి. బరువు మడమల మీద పడితే తొలి కదలిక ఆలస్యమవుతుంది. స్థానం మార్చేటప్పుడు కాళ్లు పెనవేసుకోకుండా చిన్న పక్క అడుగులు వేయాలి. షాట్ కొట్టే క్షణానికి కదలిక ఆగి ఉండాలి. కదులుతున్న శరీరం వ్యతిరేక దిశకు వెంటనే మళ్లలేదు. అందువల్ల సరైన చోటుకు ఇంకా అరడుగు దూరంలో ఉన్నా, ఆ క్షణంలో నిలదొక్కుకోవడమే మేలు.

6. అన్వయం: షూటౌట్:
ఈ సూత్రాలన్నీ ఒకేచోట కనిపించే సందర్భం షూటౌట్. దాడి చేసేవారు 23 మీటర్ల రేఖ నుంచి బయలుదేరి 8 సెకన్లలో గోలు చేయాలి. సహచరులు ఉండరు కాబట్టి పాస్ భయం లేదు. కీపర్ ధైర్యంగా ముందుకు వచ్చి కోణాన్ని కుదించవచ్చు. ఆ తరువాత తొందరపడి పడిపోకుండా నిలిచి ఉంటే కాలమే ప్రత్యర్థిని ఒత్తిడికి గురిచేస్తుంది. 2022 ఆగస్టు 7న న్యూజిలాండ్‌తో 1–1గా ముగిసిన కాంస్య పతక పోటీని భారత్ షూటౌట్‌లో 2–1తో గెలిచింది. ఆ రోజు గోలు ముందు నిలిచినవారు కెప్టెన్ సవిత.

ఐస్ హాకీ చరిత్రలోనూ ముందుకు రావడం ఒక మలుపు. 1950ల దశకంలో మాంట్రియల్ కెనేడియన్స్ గోల్‌టెండర్ జాక్ ప్లాంట్ గోలును వదిలి బయటకు వచ్చి పక్‌ను అందుకునే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. గోలురేఖ దాటి రావడం బాధ్యతారాహిత్యం కాదని, అదీ రక్షణలో భాగమేనని ఆ పద్ధతి చూపింది.

7. బోధనామార్గం:
కృత్రిమ మైదానం లేని చోట కూడా ఈ పాఠం చెప్పవచ్చు. నెల్లూరు జిల్లా సంగం వంటి ఊళ్లలోని పాఠశాల మైదానంలోనైనా రెండు పొడవాటి తాళ్లు, కొంత సున్నం చాలు. స్తంభాలకు తాళ్లు కట్టి, వాటి కొసలను బంతి వద్ద కలపాలి. విద్యార్థి తాళ్ల మధ్య నిలిచి ఇరువైపులా ఖాళీ సమానంగా ఉందో లేదో చూసుకోవాలి. ఒకరు బంతి దగ్గర కూర్చొని, ఆ ఎత్తు నుంచి గోలులో ఎంత భాగం కనిపిస్తుందో చెప్పాలి. బంతి చోటు మార్చినప్పుడల్లా కొత్త స్థానాన్ని సున్నంతో గుర్తిస్తే, గుర్తులన్నీ గోలు ముందు ఒక వంపుగా ఏర్పడతాయి. ఈ దశలో షాట్లు కొట్టనవసరం లేదు; కవచాలు లేని పిల్లలపై కొట్టకూడదు కూడా.

8. ముగింపు:
• స్థాననిర్ణయం షాట్‌కు ముందు తీసుకునే నిర్ణయం. దూకడం దాని లోటును పూరించే చర్య.
• కోణరేఖను గోలు మధ్యబిందువుతో కాక రెండు స్తంభాలతో నిర్ణయించాలి.
• లోతుకు స్థిరమైన కొలత లేదు. పాస్ అవకాశాన్ని బట్టి అది మారుతుంది.
• షాట్ క్షణానికి నిశ్చలంగా, బంతికి అభిముఖంగా ఉండాలి.
• కోణరేఖ, లోతు, అభిముఖత, సన్నద్ధత అనే మాటలు శిక్షణలో స్థిరపడితే, విద్యార్థి గోలు పోయినప్పుడు ‘ఆపలేకపోయాను’ అనడంతో ఆగడు. నాలుగింటిలో ఏది తప్పిందో పేరుపెట్టి చెప్పగలుగుతాడు. పేరు తెలిసిన లోపాన్ని సరిదిద్దుకోవడం సులభం.